లారీ ఆగకూడదు: ఫోన్ నెట్‌తో ల్యాప్‌టాప్ నడపడంలో నా అనుభవ పాఠాలు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లకు, ఎగుమతి వ్యాపారులకు పద్దులు రాస్తూనే నా వయసు గడిచింది. చేతిరాత చిట్టాల నుంచి ట్యాలీకి, ట్యాలీ నుంచి జీఎస్టీ పోర్టల్‌కు వచ్చాం. ఇప్పుడు ఇంటర్నెట్ లేనిదే మా పని అడుగు ముందుకు పడదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోడైన లారీ కదలాలంటే, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే, ముందు ఈ-వే బిల్లు తీయాలి. బిల్లు లేకుండా దారిలో పట్టుబడితే, యజమాని ముందుకొచ్చినా సరే, పన్నుకు రెండింతలు పెనాల్టీ కట్టి బండిని విడిపించుకోవాలి. నెలనెలా 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బి రిటర్ను వేయకపోతే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ.

ఆఫీసులో ఫైబర్ ఉంది కదా అంటారు. ఉంది. కాలవ కోసం రోడ్డు తవ్వితే అది తెగుతుంది, కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. పైగా మా పని ఆఫీసులోనే పుట్టదు. కొట్టు అరుగు మీద, కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర, పెళ్లికి వెళ్లిన ఊళ్లో కూడా పుడుతుంది. అలాంటప్పుడు ఆదుకునేది జేబులో ఉన్న ఫోన్. అంతా ఫోన్లోనే చేసేయొచ్చు కదా అంటే, కొన్ని చేయొచ్చు. కానీ కంపెనీల రిటర్నులకు కావాల్సిన డిజిటల్ సంతకం టోకెన్ ల్యాప్‌టాప్‌కే పెట్టాలి. వందల వరుసల ఎక్సెల్ షీటును అరచేతి తెర మీద తప్పు లేకుండా సరిచూడలేం. అందుకే ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం మా వృత్తికి నిత్యావసరం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. నెట్ కుదరలేదన్నది వ్యాపారికి చెప్పే జవాబు కాదు. నెట్ కుదుర్చుకోవడం కూడా మనం తీసుకునే ఫీజులో ఉన్న పనే. దాన్ని ఎలా కుదుర్చుకోవాలో నాకు తెలిసినంత వరకు వరసగా చెబుతాను.

1. ఎక్కడ ఆగిందో ముందు కనిపెట్టండి

ల్యాప్‌టాప్ నుంచి ఫోన్, ఫోన్ నుంచి టవర్, టవర్ నుంచి వెబ్‌సైటు. ఈ మూడు లంకెల్లో ఏదో ఒకటి తెగితేనే పేజీ తెరుచుకోదు. చాలామంది కంగారులో మూడింటినీ ఒకేసారి కదిలిస్తారు. ఫోన్ ఆఫ్ చేస్తారు, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తారు, పాస్‌వర్డ్ మారుస్తారు. చివరికి పని చేసినా ఎందుకు చేసిందో తెలియదు.

ముందుగా ఫోన్లో వై-ఫై ఆపి, మొబైల్ డేటా మీదనే బ్రౌజర్లో ఏదైనా పేజీ తెరవండి. అది తెరుచుకుంటే టవర్ దాకా బాగానే ఉంది, తేడా ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉంది. తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్ జోలికి పోవద్దు. సిగ్నల్ ఉందో లేదో, ఆ రోజు డేటా అయిపోయిందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లో మిగతా సైట్లన్నీ వస్తూ మనకు కావాల్సిన పోర్టల్ ఒక్కటే రాకపోతే అక్కడ మనం చేయగలిగింది ఆగి మళ్లీ ప్రయత్నించడమే. ఈ మూడు పరీక్షలకు రెండు నిమిషాలు చాలు. లారీ డ్రైవరుకు, వ్యాపారికి ఎంతసేపు పడుతుందో నిజం చెప్పాలన్నా ఈ రెండు నిమిషాలు పెట్టాల్సిందే.

2. కేబుల్‌ను చులకనగా చూడకండి

ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కు మూడు రకాలుగా అందుతుంది: యూఎస్‌బీ కేబుల్, వై-ఫై హాట్‌స్పాట్, బ్లూటూత్. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అన్న చోట మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. పిల్లలందరూ హాట్‌స్పాట్ ఒక్కటే వాడతారు. నేను మాత్రం ముందు కేబుల్ తీస్తాను.

కేబుల్‌తో పాస్‌వర్డ్ గొడవ లేదు. పక్క కొట్ల వై-ఫైలు అడ్డం రావు, ఫోన్‌కు ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. కేబుల్ పెట్టేదాకా యూఎస్‌బీ టెథరింగ్ మీట పని చేయదు. కాబట్టి ముందు కేబుల్ పెట్టి, తర్వాత మీట నొక్కాలి. విండోస్ దాన్ని వైరు కనెక్షన్‌గా తనంతట తానే గుర్తిస్తుంది. ఐఫోన్ అయితే విండోస్ ల్యాప్‌టాప్‌లో యాపిల్ వారి సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఉంచుకోవాలి.

బజారులో దొరికే చౌక కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ ఛార్జ్ అవుతూ టెథరింగ్ మీట మాత్రం వెలగకపోతే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే. డేటా పోయే మంచి కేబుల్ ఒకటి ల్యాప్‌టాప్ సంచిలో ఎప్పుడూ ఉండాలి, ఇంట్లోవాళ్లు ఛార్జింగ్‌కు తీసుకోకూడదు. డిజిటల్ సంతకం టోకెన్‌కూ ఒక పోర్టు కావాలి కనుక, ల్యాప్‌టాప్‌కు పోర్టులు తక్కువైతే చిన్న యూఎస్‌బీ హబ్ కూడా పెట్టుకోండి.

కేబుల్ వల్ల ఇంకో మేలుంది. ల్యాప్‌టాప్‌లో వై-ఫై చెడిపోయినా, ఆండ్రాయిడ్ ఫోన్ ఆఫీసు వై-ఫైని అందుకుని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు పంపగలదు. బ్లూటూత్ చాలా నెమ్మది. కానీ ఫోన్ బ్యాటరీని వై-ఫై హాట్‌స్పాట్ కంటే తక్కువ తింటుంది. ఛార్జింగ్ అడుగంటినప్పుడు ఒక్క వే బిల్లు తీయడానికి అది సరిపోతుంది.

3. ల్యాప్‌టాప్ ఎక్కడున్నా సరే, ఫోన్ సిగ్నల్ ఉన్నచోట ఉండాలి

గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో పని చేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. చల్లదనం బయటికి పోకుండా కట్టిన మందపాటి గోడలు, రేకు తొడిగిన ప్యానెళ్లు, ఇనుప తలుపులు టవర్ నుంచి వచ్చే తరంగాలనూ లోపలికి రానివ్వవు. లోపలి ఆఫీసు గదిలో కూర్చుని హాట్‌స్పాట్ పనిచేయడం లేదంటే లాభం లేదు. హాట్‌స్పాట్ పనిచేస్తూనే ఉంది, దానికి బయటినుంచి అందేదే లేదు.

ఇలాంటి చోట కేబుల్ పక్కన పెట్టి వై-ఫై వాడాలి. ఫోన్‌ను కిటికీలోనో, వరండాలోనో, మేడ మెట్ల మీదనో ఉంచి, ల్యాప్‌టాప్‌తో లోపల కూర్చోండి. ఫోన్ నాలుగు గజాలు జరిగినా తేడా కనిపిస్తుంది.

గీతలు చూసి సిగ్నల్ లెక్కగట్టకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ బలం డీబీఎంలో అంకెగా చూపిస్తుంది. అది మైనస్ అంకె, సున్నాకు దగ్గరైన కొద్దీ మంచిది. 4జీలో మైనస్ 90 చుట్టూ ఉంటే నిశ్చింత, మైనస్ 110 దాటితే కష్టం. మీరు తరచూ వెళ్లే ప్రతి కొట్టులో ఏ మూల ఎంత అంకె వస్తుందో ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి.

4. నిండు గీతలు వేగానికి హామీ కావు

యార్డులో బేరాలు జోరుగా సాగే వేళ గీతలు నిండుగా ఉన్నా పేజీ తిరుగుతూనే ఉంటుంది. టవర్ సామర్థ్యం అక్కడ ఉన్నవాళ్లందరికీ పంచేదే. నాగార్జున సాగర్ కాలవకు పైనంతా తూములు తీసినప్పుడు చివరి ఆయకట్టుకు నీళ్లు సన్నబడినట్టే ఇదీ. రైతులు, కమీషన్ ఏజెంట్లు, కొనుగోలుదారులు, హమాలీలు, డ్రైవర్లు, అందరి ఫోన్లూ ఆ టవర్ల మీదే ఆధారపడి ఉంటాయి. సిగ్నల్ బలం ఒకటి, మనకు దక్కే వాటా ఇంకొకటి.

అందుకే పెద్ద ఫైళ్లు పంపే పని పొద్దున్నే గానీ, రాత్రి భోజనాలయ్యాక గానీ పెట్టుకోండి. మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలైంది. అది బాగా అందే చోట వేగం గొప్పగా ఉంటుంది. అంచుల్లో మాత్రం ఫోన్ 5జీకి, 4జీకి మధ్య అటూ ఇటూ మారుతూ కనెక్షన్‌ను తెంపుతుంటుంది. అలాంటి చోట ఫోన్ సెట్టింగ్స్‌లో 4జీకే కట్టిపెట్టండి. రిటర్ను వేయడానికి వేగం కంటే నిలకడ ముఖ్యం.

5. హాట్‌స్పాట్ పేరు కనబడకపోతే బ్యాండ్ మార్చండి

హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద గానీ, 5 గిగాహెర్ట్జ్ మీద గానీ పనిచేస్తుంది. మొదటిది దూరం పోతుంది, గోడలు దాటుతుంది, వేగం తక్కువ. రెండోది వేగంగా ఉంటుంది గానీ గోడ అడ్డమొస్తే తగ్గిపోతుంది. పాత ల్యాప్‌టాపుల్లో కొన్నిటికి 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించదు. కొట్లలో ఇప్పటికీ అలాంటివి చాలా ఉన్నాయి. ఫోన్లో హాట్‌స్పాట్ వెలుగుతూ, ల్యాప్‌టాప్ జాబితాలో పేరు రాకపోతే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 2.4 ఎంచుకోండి. ఈమధ్య ఐఫోన్లలో ఇదే పని మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అన్న మీట చేస్తుంది.

6. కొలత ఉన్న నెట్ అని ల్యాప్‌టాప్‌కు చెప్పండి

డేటా ఎవరు తింటున్నారో తెలుసుకోవాలి. మనం పోర్టల్‌లో చేసే పని చాలా తక్కువ తింటుంది. వే బిల్లు, రిటర్ను, చలాన్, అన్నీ కలిపినా ఒక సినిమా పాట వీడియోతో సమానం కావు. తినేది మన కంటికి కనబడకుండా వెనకాల జరిగే పని. వై-ఫై దొరికింది కదా అని విండోస్ అప్‌డేట్ దించుకోవడం మొదలుపెడుతుంది. పెద్ద అప్‌డేట్ అయితే కొన్ని జీబీలు ఉంటుంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ఫైళ్లన్నీ పైకి ఎక్కించడానికి పూనుకుంటాయి. రోజుకు 1.5 జీబీనో 2 జీబీనో ఇచ్చే ప్లాన్ అరగంటలో హరించుకుపోవచ్చు.

చాలా ప్లాన్లలో రోజు డేటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ పీడీఎఫ్ దిగడానికి రెండు నిమిషాల పైన పడుతుంది. ఆ వేగంలో లాగిన్ పేజీ పూర్తిగా రాకముందే గడువు మీరి మళ్లీ మొదటికి వస్తుంది.

దీనికి మందు విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు వెళ్లి, మీ ఫోన్ హాట్‌స్పాట్ పేరు తెరిచి, మీటర్డ్ కనెక్షన్ అన్న మీట ఆన్ చేయండి. అప్పుడు విండోస్ చాలా అప్‌డేట్లను వాయిదా వేస్తుంది, వన్‌డ్రైవ్ తన పని ఆపుతుంది. ఈ గుర్తు ఆ ఒక్క నెట్‌వర్క్‌కే వర్తిస్తుంది. హాట్‌స్పాట్ పేరు మారిస్తే మళ్లీ పెట్టాలి. కేబుల్ కనెక్షన్‌కు విడిగా పెట్టాలి. మిగతా సింక్ యాప్‌లను చేత్తో ఆపండి. వీడియో మీటింగు ఉంటే గంటకు 1 జీబీ పైనే పోవచ్చని లెక్క వేసుకుని, అవసరం లేనప్పుడు కెమెరా ఆపి మాటతోనే కానివ్వండి.

7. ఎండాకాలం ఫోన్‌ను పసిబిడ్డలా చూసుకోండి

మిర్చి సీజను ముదిరేదే ఎండాకాలంలో. హాట్‌స్పాట్ నడిచేటప్పుడు ఫోన్ అటు టవర్‌తోనూ ఇటు ల్యాప్‌టాప్‌తోనూ ఆగకుండా మాట్లాడుతుంది. దానికి ఛార్జింగ్ వేడి తోడవుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఇంకా శక్తి ఖర్చుపెడుతుంది, ఇంకా కాగుతుంది. కాగిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ముందు వేగం తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగ్ ఆపుతుంది, చివరికి హాట్‌స్పాట్ కూడా ఆపేయవచ్చు.

వెనక తొడుగు తీసేయండి. ల్యాప్‌టాప్ వేడిగాలి వచ్చే పక్కన, ఎండ పడే కిటికీలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. ఫ్యాను గాలి తగిలే నీడలో పెట్టండి. పని ముగిశాక హాట్‌స్పాట్ ఆపండి. కరెంటు లేనప్పుడు కేబుల్ ద్వారా ఫోన్‌కు ఎక్కే ఛార్జింగ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచే వస్తుందని మరవకండి. ఏది ముందు అయిపోతుందో చూసుకుని పవర్ బ్యాంకు వాడండి.

8. కాల్, ఓటీపీ, నెట్: మూడూ ఒక్క ఫోన్ మీద పడతాయి

నెట్ ఇస్తున్న ఫోన్‌కే వ్యాపారి కాల్ చేస్తాడు. 4జీ మీదే కాల్ నడిపే వోల్టీఈ (VoLTE) ఉన్న సిమ్ అయితే కాల్ నడుస్తున్నా డేటా ఆగదు. అది ఆన్‌లో లేకపోతే కాల్ ముగిసేదాకా నెట్ నిలిచిపోతుంది. రెండు సిమ్‌ల ఫోన్లో ఒక సిమ్ మీద డేటా నడుస్తుండగా రెండో సిమ్‌కు కాల్ వస్తే చాలా ఫోన్లలో డేటా ఆగుతుంది. సరిగ్గా చలాన్ డబ్బు కట్టే క్షణంలో ఇది జరిగితే ఎంత చిక్కో చెప్పనక్కర్లేదు. సిమ్ సెట్టింగ్స్‌లో వోల్టీఈ ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కావాలి. అది నమోదైన నంబరుకే వస్తుంది. ఆ ఫోన్ వ్యాపారి జేబులో ఉండి, ఆయన బేరంలో ఉంటే మన నెట్ ఎంత బాగున్నా బిల్లు రాదు. ల్యాప్‌టాప్ తెరవకముందే కాల్ చేసి, "అన్నా, పది నిమిషాలు ఫోన్ దగ్గర పెట్టుకోండి, ఓటీపీ వస్తుంది" అని చెప్పండి. పద్దులు చూసేవారికి విడిగా సబ్ యూజర్ లాగిన్ పెట్టించడం ఇంకా మేలు. ఆ ఓటీపీ వాళ్ల నంబరుకే వస్తుంది.

9. పనంతా ముందే చేసి, పంపడానికే నెట్ వాడండి

అన్ని పాఠాల్లోకీ ఎక్కువ మేలు చేసేది ఇదే. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వివరాలు ఆఫ్‌లైన్ టూల్‌లోనో, ట్యాలీలోనో నెట్ లేకుండానే సిద్ధం చేసుకోవచ్చు. సరిచూసుకుని, జేసన్ ఫైలు తయారుచేసుకుని, అప్పుడు నెట్ కలపండి. ఫైలు చిన్నది, నిమిషాల్లో ఎక్కుతుంది. పోర్టల్ తెరిచి పెట్టుకుని బిల్లులు వెతుక్కునేవాడికి నెట్ ఎంతున్నా చాలదు, సెషన్ గడువు కూడా మీరుతుంది.

పని అవగానే రసీదు పీడీఎఫ్ దించి ఆ క్షణమే భద్రం చేయండి. మళ్లీ దించుదాం అనుకునేసరికి సిగ్నల్ ఉండకపోవచ్చు.

డబ్బు కట్టే మధ్యలో నెట్ పోతే వెంటనే రెండోసారి కట్టకండి. ముందు బ్యాంకు మెసేజ్ చూడండి. తర్వాత పోర్టల్‌లో చలాన్ హిస్టరీ, క్యాష్ లెడ్జర్ చూడండి. చలాన్ నంబరు, అంటే సీపిన్, 15 రోజులు చెల్లుతుంది కనుక కంగారు అక్కర్లేదు. బ్యాంకులో డబ్బు పోయి, 24 గంటలైనా లెడ్జర్‌లో పడకపోతే పీఎంటీ-07 ఫారం వేయాలి. ఈ వరస తెలిసినవాడు వ్యాపారి డబ్బును రెండుసార్లు ఇరికించడు.

10. పరాయి పద్దులు మన చేతిలో ఉన్నాయి, తలుపు వేసి ఉంచండి

హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ 12345678 పెట్టేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఒక్కసారి ఇచ్చిన పాస్‌వర్డ్ అవతలి ల్యాప్‌టాప్‌లో నిలిచిపోతుంది. మనం హాట్‌స్పాట్ ఆన్ చేసినప్పుడల్లా అది అడక్కుండానే అతుక్కుంటుంది. మన డేటా పోవడం చిన్న సంగతి. ఒకే నెట్‌వర్క్‌లో పరాయి యంత్రం ఉండటం పెద్ద సంగతి. పాస్‌వర్డ్‌లో అక్షరాలు, అంకెలు కలిపి పొడవుగా పెట్టండి. ఎవరికైనా ఇచ్చారంటే వాళ్ల పని అయ్యాక మార్చండి. హాట్‌స్పాట్ పేజీలో ఎన్ని పరికరాలు కలిసి ఉన్నాయో చూసే అలవాటు చేసుకోండి.

రైల్వే స్టేషన్లో, హోటల్లో దొరికే ఉచిత వై-ఫై పేపరు చదువుకోవడానికి బాగుంటుంది. వ్యాపారి లాగిన్ మాత్రం మీ ఫోన్ నెట్ మీదే తెరవండి.

11. రెండో కంపెనీ సిమ్ ఖర్చు కాదు

ఒక కంపెనీ టవర్ అందని మూలలో ఇంకొకటి బాగా అందుతుంది. ఫోన్లో రెండో సిమ్‌గా వేరే కంపెనీది వేసుకుని, చిన్న రీఛార్జితోనైనా దాన్ని బతికించి ఉంచండి. డేటా ఏ సిమ్ మీద నడవాలో మార్చడం నిమిషం పని. ఆఫీసులో ఇద్దరుంటే ఇద్దరి సిమ్‌లూ వేర్వేరు కంపెనీలవి అయ్యేట్టు చూసుకోండి.

అయినా ఏ సిమ్‌తోనూ పని జరగని రోజులుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. కోస్తాలో ఉన్నవాళ్లం తుపాన్ల కాలాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండలేం. 20వ తేదీ గడువును 20నే అందుకుందామనుకుంటే అలాంటి రోజుకు ఏ ఉపాయమూ లేదు. నా లెక్కలో గడువు 17. మిగిలిన మూడు రోజులు గాలివానకు, ఆసుపత్రికి, పోర్టల్ రద్దీకి వదిలిపెట్టినవి.

12. తీరిగ్గా ఉన్న రోజున ఒకసారి చేసి చూడండి

ఇవన్నీ చదివితే రావు. వచ్చే ఆదివారం ఆఫీసు వై-ఫై ఆపేసి, ఫోన్‌కు కేబుల్ పెట్టి ఏదైనా పోర్టల్ తెరవండి. తర్వాత హాట్‌స్పాట్‌తో, ఆ తర్వాత రెండో సిమ్‌తో తెరవండి. మీటర్డ్ గుర్తు పెట్టండి. పక్కన మీ సహాయకుణ్ణో, సహాయకురాలినో కూర్చోబెట్టుకుని వాళ్ల చేత్తోనే చేయించండి. మీరు ఊళ్లో లేని రోజున లారీకి బిల్లు తీయాల్సింది వాళ్లే.

ఎరుపెక్కిన కాయను కోసి, ఎండబెట్టి, టిక్కీలకెత్తి, అర్ధరాత్రి బండి కట్టించుకుని యార్డుకు తెచ్చిన రైతు చేయాల్సిందంతా చేశాడు. కాటా వేసినవాడు, మూట మోసినవాడు, లారీ నడిపేవాడు తమ పని తాము చేశారు. వాళ్లందరి కష్టం కదలడానికి మిగిలింది మన చేతిలోని ఒక్క కాగితమే. అది మన దగ్గర ఆగకూడదు.